ఎంబీఏ ఫైనాన్స్: 17 ఏళ్లు వాడాక

2006లో ఎంబీఏ ఎంట్రన్సు ఐసెట్ రాసి గుంటూరు జిల్లాలో ఓ ప్రైవేటు కాలేజీలో చేరాను. 2008లో బయటికొచ్చేసరికి అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది. మా కాలేజీకి వస్తామన్న కంపెనీలు మొహం చాటేశాయి. ఏం చేస్తాం, తెనాలిలో నాన్నగారి మందుల హోల్‌సేల్ కొట్లో కూర్చున్నాను. కార్పొరేట్ ఉద్యోగాలు చేసినవాళ్ల అనుభవం వేరుగా ఉండొచ్చు. నాది కౌంటరు వెనక వాడిన డిగ్రీ.

బాగా పనికొచ్చింది వర్కింగ్ క్యాపిటల్ పాఠం, అంటే రోజువారీ వ్యాపారంలో తిరిగే డబ్బు లెక్క. నాన్నగారు చిట్టా, ఆవర్జా తప్పు పోకుండా రాసేవారు. ఏ షాపు ఎంత బాకీయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. ఆ బాకీ ఎన్ని రోజులదో మాత్రం ఎప్పుడూ లెక్కేసుకోలేదు. నేను లెక్కేశాను. నెలకు 20 లక్షల అమ్మకం, బయట 32 లక్షల అరువు, అంటే 48 రోజులు. కంపెనీలకు మేం 21 రోజుల్లో కట్టాలి. మధ్యలో 27 రోజులు బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) మీద నడుస్తున్నాం. వడ్డీయే ఏడాదికి రెండు లక్షల పైచిలుకు! ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద మాకు మిగిలేది 8 శాతం, మిగతావాటి మీద 10. అందులోంచి ఈ వడ్డీ పోతోందని కాగితం మీద చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆ ఊపులోనే తప్పూ చేశాను. 90 రోజులు దాటిన బాకీలన్నిటికీ ఎర్ర రంగేసి సరుకు ఆపేశాను. అందులో ఒకాయనది పల్లెటూరి మెడికల్ షాపు. "ఆయన దగ్గర మందులు కొనేది రైతులురా. కోతలయ్యాకే వాళ్లిస్తారు, వాళ్లిచ్చాక ఈయనిస్తాడు" అన్నారు నాన్నగారు. వినలేదు. పుస్తకంలో 90 రోజులు దాటితే అనుమానపు బాకీ అని ఉంది మరి! ఆయన సంక్రాంతికి వచ్చి పైసాతో సహా కట్టేసి, ఇంకో స్టాకిస్టు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన మాట మీద మా దగ్గర కొంటున్న చుట్టుపక్కల షాపులు మరో ఆరు ఆ వెనకే పోయాయి. ఇప్పుడు నా ఎక్సెల్ షీటులో షాపు పేరు పక్కన 'వరి', 'పసుపు', 'టౌను' అని ఒక గడి ఉంటుంది. ఏ కాలేజీలోనూ చూడని గడి అది.

ఏబీసీ అనాలిసిస్ ఇప్పటికీ వాడుతున్నాను. డబ్బు ఎక్కువ పట్టే కొద్ది మందులను రోజూ, మిగతావాటిని నెలకోసారి చూస్తాం. ఎక్స్‌పైరీ నష్టం తగ్గింది.

మార్కెటింగ్, స్ట్రాటజీ పేపర్లు పరీక్షతోనే పోయాయి. మా కొట్టుకి స్వాట్ అనాలిసిస్ (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పుల పట్టిక) చేస్తే 'థ్రెట్స్' కింద రాయడానికి ఎదురు కొట్టు ఒక్కటే దొరికింది. ప్రాజెక్టు రిపోర్టు సంగతి అడక్కండి, జిరాక్స్ షాపులో సీనియర్ల రిపోర్టుకి మా పేర్లు మార్చి బైండింగ్ చేయించాం.

అందరం నిద్రపోయిన క్లాసు బిజినెస్ లా. ఒకసారి ఓ షాపు ఇచ్చిన లక్షా ఎనభై వేల చెక్కు వెనక్కొచ్చింది. నాన్నగారైతే పెద్దమనుషుల్లో పెట్టేవారు. నాకు చెక్కు బౌన్సు కేసుల సెక్షన్ 138 గుర్తొచ్చింది. బ్యాంకు మెమో అందాక 30 రోజుల్లో నోటీసివ్వాలి, అది అందాక వాళ్లకు కట్టడానికి 15 రోజుల గడువు, కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. లాయరు దగ్గరికి ఇరవయ్యో రోజుకే వెళ్లగలిగానంటే ఆ క్లాసు పుణ్యమే. నోటీసు అందిన వారానికి డబ్బు వచ్చింది. రెండేళ్ల ఫీజు అక్కడితోనే తీరిందనుకున్నాను.

మా బావమరిది కొడుకు ఈ ఏడాది ఐసెట్ రాస్తున్నాడు. అట్టపెట్టెలోంచి తీసి నా లా పుస్తకం ఇచ్చాను. నాలుగు పేజీలు తిప్పి, "ఇందులోంచి ఎంట్రన్సుకి ప్రశ్నలొస్తాయా మావయ్యా?" అన్నాడు. రావని చెప్పాను. టేబులు మీద పెట్టేసి వెళ్లాడు.