మార్గిట్‌తో కుస్తీయా, దక్షిణానికి ప్రయాణమా?

అమలాపురంలో మా పిన్ని కొడుకు ‘ఎల్డెన్ రింగ్’ వీడియో గేమ్ మొదలెట్టి, స్టార్మ్‌వీల్ కోట ముందు మార్గిట్ అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర ఇరుక్కున్నాడు. “అన్నయ్యా, వీడు చావడా?” అని ఒకటే ఫోన్లు. 2022లో వచ్చిన ఈ ఆటలో కొత్తవాళ్లు ఎక్కువమంది ఆగిపోయే చోటు అదే.

అక్కడే ఉండి కొట్టడం ఒక పద్ధతి. మార్గిట్ కర్ర ఎత్తి కాసేపు ఆపుతాడు. మనం కంగారుపడి ముందే దొర్లేస్తాం, లేచేసరికి నెత్తిన పడుతుంది. ఆ లయ పట్టుబడితే తర్వాతి బాస్‌ల దగ్గరా పనికొస్తుంది. రెన్నా అనే మంత్రగత్తె ఇచ్చే గంటతో తోడేళ్లను పిలిస్తే కాస్త ఊపిరాడుతుంది. కానీ ఓడే కొద్దీ టెన్షన్ పెరిగి చేతులు మొద్దుబారతాయి.

రెండోది, కోట వదిలేసి దక్షిణాన వంతెన దాటి వీపింగ్ పెనిన్సులాకు పోవడం. రేవులో పంటు లేకపోతే ఏటిగట్టెక్కి చుట్టు తిరిగి పోమూ? అలాగే. అక్కడి పాడుబడ్డ చర్చిల్లో సేక్రెడ్ టియర్లు దొరుకుతాయి. వాటితో మన ఫ్లాస్క్ (మందు సీసా) ఒక్క గుక్కకే ఎక్కువ ప్రాణం నింపుతుంది. గనిలో ఆయుధాన్ని మెరుగుపరిచే స్మితింగ్ స్టోన్లు, దారిపొడవునా శత్రువుల్ని చంపితే వచ్చే రూన్లు, వాటితో మన బలం పెంచుకోవచ్చు. మరీ ఎక్కువ తిరిగితే మార్గిట్ చప్పగా అయిపోతాడు, అదొక్కటే లోటు.

కొత్తవాడికి నా ఓటు రెండోదానికే. రూన్లన్నీ ముందు ప్రాణం పెంచే వైగర్ మీదే పెట్టమన్నాను, దెబ్బలు పెంచే స్టాట్లు తర్వాత. ఆట మొదట్లోనే వచ్చే చర్చ్ ఆఫ్ ఎల్లేలోని దాగలి మీద కత్తిని ప్లస్ మూడు స్థాయి దాకా పెంచుకోవచ్చు, అదయ్యాకే కోటవైపు వెళ్లమన్నాను.