పురుగులు రావాలని మొక్కలు కొన్నాం: ఒక నర్సరీ మీద నా రివ్యూ

నెల్లూరు దాటాక హైవే పక్కనున్న నర్సరీల్లో ఒకదాని గురించి ఇది, పేరు వద్దులెండి. మా లేఅవుట్ పార్కులో కార్పెట్ గడ్డి, కత్తిరించిన కంచె మొక్కలు తప్ప ఏమీ లేవు, చూడ్డానికి శుభ్రమే గానీ ఒక్క తుమ్మెద వాలదు, అందుకే పురుగూ పుట్రా వచ్చే మొక్కలు కావాలని వెళ్లాం. "అందరూ పురుగు పట్టని మొక్క అడుగుతారు, మీరేందన్నా ఇట్టా" అని నవ్వాడు అక్కడి కుర్రాడు.

ధరలు పర్లేదు. నూరువరహాలు, తులసి, రేక మందారం గుబురుగా దొరికాయి. ముద్ద మందారం అంటగట్టాలని చూస్తారు, తీసుకోకండి. అందులో పుప్పొడి ఇచ్చే కేసరాలు చాలావరకు రేకులైపోయి ఉంటాయి, తేనెటీగకి దక్కేది తక్కువ.

పెద్ద లోటు మందు. కుండీలన్నిటికీ ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పోస్తామని గొప్పగా చెప్పారు. వేర్లు పీల్చిన ఆ మందు పువ్వులో తేనెలోకి, పుప్పొడిలోకి కూడా ఎక్కుతుంది, యూరోపియన్ యూనియన్ 2018లోనే దాన్ని ఆరుబయట వాడకుండా నిషేధించింది. తేనెటీగల కోసం మొక్క కొని దాంతోనే విషం పెట్టడమేంది? మందు పడని మొక్కలు విడిగా అడగండి, మొహం చిట్లించినా ఇస్తారు.

మాకు దొరికిన అసలు బేరం మూల పడేసిన నిమ్మ మొక్క. ఆకులు కొరికేసున్నాయని సగం ధరకే ఇచ్చాడు, దానికి మందు పోయడం మరిచినట్టున్నారు. ఆకు మీద పిట్ట రెట్టలా అతుక్కుని ఒక గొంగళి పురుగు, నిమ్మ సీతాకోకచిలుకది. పెద్దదయ్యాక పచ్చగా మారింది, పుల్లతో తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తోసి గుప్పుమని వాసన కొట్టింది, పిల్లలు ఒకటే కేకలు. గూడూరు, పొదలకూరు నిమ్మ రైతులకి ఇది శత్రువే, లేత మొక్కల్ని బోడి చేసేస్తుంది, కాదనను. పార్కులో నాలుగు ఆకులు తింటే తిననివ్వండి.

జనుము విత్తనాలు మాత్రం ఇక్కడ లేవు, టౌన్లో విత్తనాల షాపులో తెచ్చుకున్నాం, వరి రైతులు పచ్చిరొట్ట ఎరువుకి వేసేదే. కొన్ని రకాల మగ సీతాకోకచిలుకలు వాడిన జనుము మీద వాలి రసం పీలుస్తాయి, ఆడవాటిని ఆకట్టుకునే వాసన తయారుచేసుకోడానికి.

ఐదుకి మూడున్నర. ఆటో కిరాయి వేరే. పంపేముందు నీళ్లు పోయమని గట్టిగా చెప్పండి, మన ఎండకి ఇంటికొచ్చేసరికి వడలిపోతాయి.