పీణ్యలోని టర్బో ట్యూనింగ్ షాపు: బూస్ట్ అడిగితే ముందు పెట్రోల్ లెక్క చూస్తారు

బెంగళూరులో టర్బో పెట్రోల్ కారు ఉండి, బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి అదనంగా తోసే గాలి ఒత్తిడి) పెంచుకోవాలన్న ఆలోచన ఉన్నవాళ్లెవరైనా ధైర్యంగా ఈ షాపుకి వెళ్లొచ్చు. హార్స్‌పవర్ ఎక్కువ ఇస్తారని చెప్పడం లేదు. వీళ్లకంటే ఎక్కువ ఇస్తామనేవాళ్లు ఊర్లో చాలామంది ఉన్నారు. ఇంజిన్‌కి గాలి పెంచే ముందు, ఆ గాలికి సరిపడా పెట్రోల్ అందుతుందా లేదా అన్నది కొలిచి, అందకపోతే పని ఆపేసే షాపు నాకు ఇదొక్కటే కనిపించింది.

నా బండి 2011 ఫియట్ లీనియా టీ-జెట్. 1.4 లీటర్ల ఇంజిన్, కంపెనీ లెక్క ప్రకారం 114 పీఎస్, 207 న్యూటన్ మీటర్లు. ఫియట్ మన దేశంలో కార్ల తయారీ ఆపేసి ఏళ్లయింది. ఒక పిస్టన్ పోతే విడిభాగాల కోసం ఊళ్లు పట్టుకుని తిరగాలి. అలాంటి బండిని పరాయి చేతికి ఇవ్వాలంటే ఎవరికైనా టెన్షనే.

షాపు పీణ్య రెండో స్టేజ్‌లో, లేత్ వర్క్‌షాపుల మధ్య ఉంది. బోర్డు చిన్నది, చూసుకోకపోతే దాటిపోతారు. లోపల ఒక డైనో (బండి బలం కొలిచే యంత్రం), ఒక లిఫ్ట్, బండ్లు నిలిపి పనిచేసే రెండు బేలు. ట్యూనింగ్ చేసే అబ్బాయిది హిందూపురం. నేను నెల్లూరు అని తెలియగానే తెలుగులోకి దిగాడు. ఇది నాకు బాగా కలిసొచ్చింది. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఏ క్షణంలో వేయాలో), వేస్ట్‌గేట్ డ్యూటీ (బూస్ట్‌ని అదుపు చేసే వాల్వు సెట్టింగు) లాంటివి సొంత భాషలో అడిగి తెలుసుకుంటే సందేహం మిగలదు. "ఎంత బూస్ట్ పెట్టొచ్చు తమ్ముడూ?" అంటే, "ఇప్పుడే చెప్పలేనన్నా. ముందు నీ ఫ్యూయల్ పంపు ఎంత ఇస్తుందో చూద్దాం, దాన్నిబట్టి చెప్తా" అన్నాడు. నాకు ఆ మాటతోనే నమ్మకం కుదిరింది.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టింపు ఎందుకంటే, కొంతకాలం అమెరికాలో యూటాలో పనిచేశాను. అక్కడ ఆఫీసులో తోటి ఉద్యోగి ఒకరికి టర్బో బిగించిన స్నోమొబైల్ ఉండేది. మంచు కొండల మీద నడిపే బండి అది. పదివేల అడుగుల ఎత్తుకి వెళ్తే గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 30 శాతం పడిపోతుంది. టర్బో లేని ఇంజిన్ అంత మేరా బలం కోల్పోతుంది. అందుకే కొండల్లో నడిపేవాళ్లు టర్బో కోసం అంత తపిస్తారు. బీఆర్‌పీ కంపెనీ స్కీ-డూ బ్రాండ్ కింద సమ్మిట్ 850 ఈ-టెక్ టర్బో స్నోమొబైల్‌ని తెచ్చినప్పుడు, ఎనిమిది వేల అడుగుల ఎత్తు దాకా 165 హార్స్‌పవర్ తగ్గకుండా ఇస్తుందని చెప్పుకుంది. టూ స్ట్రోక్ స్నోమొబైల్‌కి ఫ్యాక్టరీలోనే టర్బో పెట్టి అమ్మడం అదే మొదలు. అంతకుముందు టూ స్ట్రోక్ వాళ్లంతా బయట కిట్లు కొని బిగించుకునేవాళ్లే. వాటితోపాటు ఫ్యూయల్ కంట్రోల్ బాక్సు ఒకటి వచ్చేది. ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మే నాజిల్) ఎంతసేపు తెరుచుకోవాలో ఇంజిన్ కంప్యూటర్ చెప్పినదానికి అది ఇంకొంచెం కలుపుతుంది. బూస్ట్ పెరిగిన చోట పెట్రోల్ పెరగాలి, అంతే దాని పని. కానీ ఆ అంతే అన్నది సరిగ్గా కుదరకపోతే టూ స్ట్రోక్ పిస్టన్ క్షణాల్లో కాలిపోతుంది. కింద పార్కింగ్‌లో మైనస్ 20 డిగ్రీల చలిలో గాలి చిక్కగా ఉంటుంది, పైన ఎండపడే శిఖరం దగ్గర పలచగా ఉంటుంది. ఒకే రోజులో రెండు రకాల గాలి. ఒక సెట్టింగు రెండుచోట్లా పనిచేయాలి. దానికి తోడు వాటికి గేర్లు ఉండవు, బెల్టుతో నిష్పత్తి దానంతటదే మారే సీవీటీ. బూస్ట్ మారితే క్లచ్‌లోని బరువులూ స్ప్రింగులూ కూడా మార్చాలి, లేకపోతే ఇంజిన్ తనకు నప్పే ఆర్‌పీఎం దగ్గర నిలబడదు. ఆ మనిషి ఒక్కో శనివారం సగం రోజు ఈ లెక్కలకే పెట్టేవాడు.

బెంగళూరులో మనకున్నది అదే సమస్య, చిన్న మోతాదులో. మనం సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉన్నాం. ఇక్కడ గాలి ఒత్తిడి దాదాపు 91 కిలోపాస్కల్స్, నెల్లూరులో 101. బెంగళూరులో ట్యూన్ చేయించుకుని, పండక్కి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు మీదుగా నెల్లూరు వెళ్లే నాలాంటివాడికి ఈ పది చాలా ముఖ్యం. బూస్ట్ గేజ్ రెండుచోట్లా 0.9 బార్ (90 కిలోపాస్కల్స్) అనే చూపించొచ్చు. కానీ గేజ్ చూపించేది బయటి గాలికంటే ఎంత ఎక్కువ అన్నదే. ఇంజిన్‌లోకి నిజంగా వెళ్లే ఒత్తిడి ఇక్కడ 181, అక్కడ 191. అంటే కింద సుమారు 5 శాతం ఎక్కువ గాలి, దానికి తగ్గట్టు 5 శాతం ఎక్కువ పెట్రోల్. ఇక్కడే ఇంజెక్టర్లు అంచున నడుస్తుంటే అక్కడ చేతులెత్తేస్తాయి. నేను ఇంకో రెండు షాపుల్లో ఈ ప్రశ్న అడిగాను. ఒకచోట "ఏమీ కాదు సార్" అన్నారు, ఇంకోచోట సంభాషణ ఎగ్జాస్ట్ సౌండ్ మీదకి మళ్లింది. ఈ హిందూపురం అబ్బాయి మాత్రం నేను అడగకముందే, "ఊరికి ఏ రూట్లో పోతావన్నా, ఎండాకాలంలో పోతావా?" అని అడిగాడు.

మొదటిరోజు బూస్ట్ ముట్టుకోలేదు. గాలి పైపుల్లోకి ఒత్తిడి పంపి లీకులు చూశారు. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) దగ్గర రబ్బరు గొట్టం క్లాంపు కింద చీలి ఉంది, సబ్బునీళ్లు కొడితే బుడగలొచ్చాయి. అది మార్చారు. ప్లగ్గులు తీసి గ్యాప్ తగ్గించారు. బూస్ట్ పెరిగితే పెద్ద గ్యాప్‌లో స్పార్క్ ఆరిపోతుంది కాబట్టి అది అవసరమే. తర్వాత ఎగ్జాస్ట్‌లో గాలి, పెట్రోల్ నిష్పత్తి కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టి, ఫ్యూయల్ లైన్‌కి ప్రెషర్ గేజ్ తగిలించి, ఫ్యాక్టరీ సెట్టింగు మీదే డైనోలో నడిపారు. అప్పుడు బయటపడింది అసలు విషయం. 4,500 ఆర్‌పీఎం దాటాక ఫ్యూయల్ ప్రెషర్ మెల్లగా కిందికి జారుతోంది. ట్యాంకులో పంపు అలసిపోయింది.

దాని అర్థం ఆ అబ్బాయి కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే గొట్టం, అంటే రైల్‌లో 3.5 బార్ ఉందనుకుందాం. మామూలుగా ఇంజెక్టర్ ఆ 3.5 బార్‌తో చిమ్ముతుంది. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మ్యానిఫోల్డ్‌లో 0.9 బార్ బూస్ట్ ఎదురు తోస్తుంటే మిగిలేది 2.6 మాత్రమే. ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అదే సమయం తెరిచినా దాదాపు 14 శాతం తక్కువ పెట్రోల్ పడుతుంది. ఇది ముందే తెలిసిన సంగతి కాబట్టి కంప్యూటర్ సర్దుకుంటుంది. పంపు నీరసించి 3.5 కాస్తా 3 అయితే ఆ సంగతి కంప్యూటర్‌కి తెలియదు. సరిగ్గా ఇంజిన్ ఎక్కువ వేడెక్కే చోటే మిశ్రమం లీన్ అవుతుంది (పెట్రోల్ తగ్గుతుంది), నాకింగ్ (మిశ్రమం అదుపు లేకుండా పేలినట్టు మండడం) మొదలవుతుంది, పిస్టన్ అంచులు విరుగుతాయి. "కొత్త పంపు వేసి రా అన్నా, అప్పుడు చేద్దాం" అని బండి తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజు పరీక్షలకి మాత్రమే డబ్బు తీసుకున్నాడు. ట్యూన్ ఫైల్ (ఇంజిన్ కంప్యూటర్‌కి కొత్త సెట్టింగులు) ఎక్కించి పంపేసి ఉంటే నాకు పికప్ పెరిగినట్టే అనిపించేది, డబ్బూ పూర్తిగా ఇచ్చేసేవాణ్ని. అలా చేయలేదు చూశారా, ఈ రివ్యూ రాయడానికి మొదటి కారణం అదే.

పంపు మార్చుకుని వెళ్లాక అసలు పని మొదలైంది. ఇక్కడ ఇప్పటి పెట్రోల్ గురించి ఒక మాట చెప్పాలి. బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసినది. స్వచ్ఛమైన పెట్రోల్‌లో ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. కలిపిన మిశ్రమానికి ఆ సంఖ్య 13.5 దగ్గరికి వస్తుంది. తిప్పి చూస్తే, అదే గాలికి ఇథనాల్ కలవని పెట్రోల్ కంటే 8-9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. 2011లో తయారైన బండి ఇంజెక్టర్లకి ఇది అదనపు బరువు. ఇథనాల్‌కి నాకింగ్ తట్టుకునే గుణం, గాలిని చల్లబరిచే గుణం ఉన్నాయి కాబట్టి లాభం కూడా ఉంది. కానీ ఆ లాభం దక్కాలంటే పోయాల్సినంత పోయగలగాలి. ఈ షాపులో అందుకే ఎయిర్ ఫ్యూయల్ నిష్పత్తి అంకెలతో కాకుండా లాంబ్డాతో మాట్లాడతారు. లాంబ్డా 1 అంటే ఏ ఇంధనమైనా సరిగ్గా సరిపోయిన మిశ్రమం. ఫుల్ బూస్ట్‌లో నా బండికి 0.82 దగ్గర, అంటే ఇంధనం కాస్త ఎక్కువగా పడేలా పెట్టారు. పెట్రోల్ కోసం తయారైన గేజ్‌లో అది 12 అని కనిపిస్తుంది, ట్యాంకులో ఏ ఇంధనం ఉన్నా సరే.

బూస్ట్ పెంచింది మెల్లగా. వేస్ట్‌గేట్ సోలెనాయిడ్ డ్యూటీ కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి పరుగు తర్వాత నాక్ సెన్సార్ లాగ్ (నాకింగ్ నమోదు), ఇంజెక్టర్ డ్యూటీ (ఇంజెక్టర్ ఎంత శాతం సమయం తెరిచి ఉంటుందో), ఇన్‌టేక్ ఉష్ణోగ్రత చూసుకుంటూ వెళ్లారు. నా బండి మొదట్లో 0.75 బార్ చుట్టూ నడిచేది. 0.95 దగ్గర ఇంజెక్టర్ డ్యూటీ 84 శాతం తాకింది. అక్కడ ఆపి, 0.9కి తగ్గించి స్థిరపరిచారు. 85 దాటించకూడదన్నది వాళ్ల నియమం, నెల్లూరు గాలికి చోటు వదలాలి కాబట్టి ఇంకా ముందే ఆగారు. కింద ఆర్‌పీఎంలో టార్క్ ఒక్కసారిగా ఎగిసిపడకుండా నెమ్మదిగా ఎక్కేలా చేశారు, పాత క్లచ్‌కి అది మేలు. పై ఆర్‌పీఎంలో బూస్ట్‌ని కావాలనే దించారు, ఈ చిన్న టర్బో అక్కడ గాలికంటే వేడే ఎక్కువ ఇస్తుంది. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయమని అడిగేవాళ్లకి నో చెప్పడం నేను అక్కడ కూర్చునే విన్నాను. అది నాకు చాలా నచ్చింది.

చక్రాల దగ్గర కొలిస్తే మొదట 96 హార్స్‌పవర్, చివరికి 117. ఈ అంకెలు చిన్నవిగా అనిపించొచ్చు. ఇక్కడ ఇంకో నిజాయితీ గమనించాను. డైనో సాఫ్ట్‌వేర్‌లో ఎత్తుని బట్టి దిద్దుబాటు ఉంటుంది. బెంగళూరు ఎత్తుకి అది దాదాపు 10 శాతం కలుపుతుంది. టర్బో లేని ఇంజిన్‌కి అది న్యాయమే. టర్బో ఉన్న ఇంజిన్ ఎత్తు వల్ల పోయే గాలిని చాలావరకు తనే పూడ్చుకుంటుంది కాబట్టి, దానికి కూడా ఆ 10 శాతం కలిపితే లేని బలం కాగితం మీద కనిపిస్తుంది. వీళ్లు దిద్దని అంకెలే ప్రింట్ తీసి ఇచ్చారు. మీ స్నేహితుడి డైనో షీట్‌తో పోల్చుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

తర్వాత ఏప్రిల్‌లో ఊరికి వెళ్లాం. షాపువాళ్లు లాగింగ్ కేబుల్ ఇచ్చి పంపారు. నాయుడుపేట దాటాక రోడ్డు ఖాళీగా ఉన్న చోట మూడో గేర్‌లో లాగాను, మా బావమరిది పక్కసీట్లో ల్యాప్‌టాప్ పట్టుకున్నాడు. మధ్యాహ్నం ఎండకి ఇన్‌టేక్ ఉష్ణోగ్రత 60 దాటింది, కంప్యూటర్ టైమింగ్ కొంచెం వెనక్కి లాగింది, లాంబ్డా మాత్రం 0.82 దగ్గర కదలకుండా నిలబడింది. ఫైల్ వాట్సాప్‌లో పంపితే సాయంత్రానికి ఫోన్ చేశాడు. "అంతా బాగుందన్నా, వేడిలో టైమింగ్ ఇంకొంచెం ముందే తగ్గేలా మార్చి పెడతా, వచ్చినప్పుడు ఎక్కిద్దాం" అన్నాడు. దానికి విడిగా డబ్బు అడగలేదు. నడపడంలో తేడా అంటే, ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ వేసుకుని నలుగురం కూర్చున్నా ఇప్పుడు మూడో గేర్ నుంచి రెండుకి దిగాల్సిన పని లేదు. మైలేజీ హైవేలో మారలేదు, ఊర్లో కాస్త తగ్గింది.

ఇబ్బందులు లేకపోలేదు. ట్యూన్ చేసేది ఒక్కడే కాబట్టి స్లాట్ దొరకడానికి వారాలు పడుతుంది. డైనో ముందున్న ఫ్యాను చిన్నది, వరుసగా పరుగులు తీయిస్తే ఇంటర్‌కూలర్ వేడెక్కుతుంది, మధ్యలో చాలాసేపు ఆగాల్సి వస్తుంది. కూర్చోవడానికి సరైన చోటు లేదు, ఆడవాళ్లతోనో పిల్లలతోనో వెళ్తే కష్టం. ఇంజిన్ లాగ్‌లు అడిగితేనే ఇస్తారు. అడక్కుండానే అందరికీ ఇవ్వాలని నేను గట్టిగా చెప్పి వచ్చాను, ఎందుకంటే రేపు ఏదైనా తేడా వస్తే పోల్చి చూడటానికి అవే ఆధారం.

పరీక్షలు, డైనో, ట్యూన్ అన్నీ కలిపి నాకు రూ.38,000 అయింది. పంపు, గొట్టం, ప్లగ్గుల ఖర్చు వేరే. బయట కేవలం ఫైల్ ఎక్కించి పంపేవాళ్లు దీంట్లో సగానికే చేస్తారు. వెళ్లేవాళ్లు సర్వీసు చేయించి, కొత్త ఎయిర్ ఫిల్టర్ వేసుకుని వెళ్లండి. ట్యాంకులో మీరు రోజూ పోయించే పెట్రోలే ఉండాలి, ట్యూనింగ్ రోజు కోసం ప్రత్యేకంగా ఖరీదైన ఎక్స్‌పీ95 (95 ఆక్టేన్ పెట్రోల్) నింపుకుని వెళ్లి తర్వాత మామూలుదానికి మారితే నాకింగ్ వస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్లకి మార్పు సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. ఫోన్‌లో స్లాట్ తీసుకునేటప్పుడే, ఎండాకాలంలో కిందికి, తిరుపతి వైపో చెన్నై వైపో, వెళ్లే అలవాటుంటే ఆ మాట చెప్పండి. ఇంజెక్టర్ డ్యూటీ ఎక్కడ ఆపాలో దాన్నిబట్టే తేలుస్తారు.