ఒంగోలు కోర్టు దగ్గర దొరికే బీఎన్ఎస్ మెటీరియల్: 147 అదిరింది, 152 దగ్గర తేలిపోయింది

ఒంగోలు కోర్టు చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ వేసి అమ్మే తెలుగు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత, అంటే పాత ఐపీసీ, భారత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన నేరాల చట్టం) మెటీరియల్ ఇది. 350 రూపాయలు చెప్తాడు, కాస్త బేరమాడితే తగ్గిస్తాడు. నేను ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) పరీక్ష కోసం కొన్నా. దొంగతనాలు, మోసాల చాప్టర్ల జోలికి పోను, అవి ఏ గైడ్ తీసుకున్నా ఒకేలా ఉంటాయి. 147 నుంచి 158 సెక్షన్ల దాకా, అంటే రాజ్యానికి వ్యతిరేకంగా చేసే నేరాల దగ్గరే మెటీరియల్ సత్తా తెలుస్తుంది, ఎందుకంటే ఏది ఉత్త గొడవ, ఏది ఉద్యమం, ఏది ప్రభుత్వం మీద తిరుగుబాటు అన్నది చట్టంలో ఎక్కడా నిర్వచించలేదు.

147 సెక్షన్ చూడండి. భారత ప్రభుత్వం మీద యుద్ధం చేసినా, చేయబోయినా, చేయమని ఉసిగొల్పినా మరణశిక్ష లేదా యావజ్జీవం, పైన జరిమానా. దాని కింద ఒకే ఒక్క ఉదాహరణ: 'ఎ' భారత ప్రభుత్వం మీద తిరుగుబాటులో చేరాడు, కాబట్టి ఈ నేరం చేసినట్టే. అంతే! తిరుగుబాటు అంటే ఏంటో చెప్పకుండా అందులో చేరితే ఉరిశిక్ష దాకా పోవచ్చంటే చదివేవాడు తల పట్టుకోవాల్సిందే. పాత ఐపీసీ 121లో ఉన్న ఉదాహరణే ఇది, కొత్త చట్టంలోకీ అలాగే వచ్చేసింది.

ఈ ఖాళీని మెటీరియల్ తయారుచేసినాయన మాత్రం బ్రహ్మాండంగా పూరించాడు. పేజీని నిలువునా రెండు గళ్ళు చేసి, రెండు పోలీస్ స్టేషన్ దాడులు పక్కపక్కనే పెట్టాడు. ఎడమ గడిలో ఊళ్ళో కుర్రాణ్ణి లాకప్‌లో పెట్టారని రెండొందల మంది స్టేషన్ మీద పడి అద్దాలు పగలగొట్టి, వాణ్ణి విడిపించుకుపోయారు. కుడి గడిలో 1922 ఆగస్టు 22, చింతపల్లి స్టేషన్, అల్లూరి సీతారామరాజు దళం తుపాకులు పట్టుకెళ్ళింది. మొదటిది అల్లరిమూక కేసు, ఎందుకంటే వాళ్ళకి కావాల్సింది ఆ కుర్రాడొక్కడే. రెండోది మాత్రం తెల్లవాళ్ళ పాలననే మన్యం నుంచి తరిమేయడానికి ఆయుధాలు కూడబెట్టుకోవడం. ఎంతమంది అన్నది కాదు, ఎందుకోసం అన్నదే లెక్క అని దాని కింద ఒక్క లైను రాశాడు. పార్లమెంటు మీద దాడి కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పిందీ దాదాపు ఇదే: సైన్యం బారులు తీరాల్సిన పనిలేదు, కొద్దిమందే అయినా ఉద్దేశం దేశ సార్వభౌమాధికారం మీద దెబ్బ కొట్టడమైతే అది యుద్ధమే. అలాగని ప్రతి ఉగ్రవాద చర్యా యుద్ధం కిందికి రాదు. ఈ రెండో ముక్క చాలా గైడ్‌లు ఎగ్గొడతాయి, ఇందులో ఉంది, అందుకు మెచ్చుకోవాలి.

కానీ ఉద్దేశం ఒక్కటే కొలమానం అని వదిలేస్తే సరిపోదండీ. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తీసుకోండి. రోశమ్మ లాంటి ఆడవాళ్ళు చీపుర్లు, కారం పట్టుకుని సారా బండ్లను ఊళ్ళోకి రానివ్వలేదు, ప్రభుత్వం పెట్టిన వేలంపాటల్ని అడ్డుకున్నారు. సొంత పగ కాదు, ఒక్క ఊరి గొడవా కాదు, గురి నేరుగా ప్రభుత్వ విధానం మీదే. కుడి గడి లెక్కన చూస్తే వీళ్ళూ తిరుగుబాటుదారులే అవ్వాలి! ఎందుకు కారంటే వాళ్ళు సారా ఆపమని ప్రభుత్వాన్నే నిలదీశారు, ఆ ప్రభుత్వాన్ని కూలదోసి ఆ కుర్చీలో కూర్చుంటామని అనలేదు. 1993లో సారా నిషేధం తెచ్చిందీ అదే ప్రభుత్వం. 1921లో మున్సిపాలిటీ వద్దని చీరాల జనం ఊరు ఖాళీ చేసి రామనగర్‌లో గుడిసెలు వేసుకోవడం కూడా అంతే, సర్కారుకి ఎదురు తిరగడమే కానీ అందులో బలప్రయోగం లేదు. మన దగ్గరే ఇన్ని ఉదాహరణలు పెట్టుకుని ఒంగోలులో కూర్చుని రాసిన మెటీరియల్‌లో ఒక్కటీ లేకపోవడం నాకు నచ్చలేదు.

ఇక అసలు తప్పులు. 152 ఎదురుగా 'పాత 124ఎ' అని వేసి చేతులు దులుపుకున్నాడు. ఆ రెండూ ఒకటి కాదు బాబూ. ఐపీసీలోని 124ఎ (రాజద్రోహం) ప్రభుత్వం మీద ద్వేషం, అవిధేయత రెచ్చగొట్టడం గురించి, దాన్ని సుప్రీంకోర్టు 2022 మే 11న పక్కన పెట్టించింది. 152లో ఉన్నది వేర్పాటు, సాయుధ తిరుగుబాటు, విధ్వంసక చర్యలు రెచ్చగొట్టడం, దేశ సార్వభౌమత్వం, ఐక్యత, అఖండతలకు ముప్పు తేవడం. శిక్ష యావజ్జీవం, లేదా ఏడేళ్ళ దాకా జైలు. ప్రభుత్వాన్ని తిట్టడం వేరు, దేశాన్ని విడగొట్టమనడం వేరు అన్న తేడా పరీక్షలో ఖచ్చితంగా అడిగే పాయింటు.

ఇంకో చోట మంచి అవకాశం చేజార్చుకున్నాడు. బలప్రయోగంతో ప్రభుత్వాన్ని బెదిరించి లొంగదీసుకోవడం అన్న మాట 148లోనూ ఉంది, 189లోనూ ఉంది. 148లో అది కుట్ర, యావజ్జీవం లేదా పదేళ్ళ దాకా. 189లో ఐదుగురు గుమిగూడితే చట్టవిరుద్ధ సమావేశం, ఆరు నెలల దాకా. పైగా 147 భారత ప్రభుత్వం గురించే మాట్లాడుతుంది, రాష్ట్ర ప్రభుత్వం పేరు 148లో వస్తుంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి ఒక టేబుల్ వేసుంటే ఎంత బాగుండేది! నేనే పెన్సిల్‌తో మార్జిన్‌లో గీసుకున్నా.

చివర్లో కరెంట్ అఫైర్స్ బాక్సు ఒకటి ఉంది, దాన్ని అస్సలు నమ్మకండి. 2021 జనవరి 6న ట్రంప్ మద్దతుదారులు అమెరికా పార్లమెంటు భవనం మీద చేసిన దాడి తిరుగుబాటు కాదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చిందని వేశాడు. అది తప్పు. కొలరాడో రాష్ట్ర సుప్రీంకోర్టు అది తిరుగుబాటే అని, ట్రంప్‌ని అక్కడి బ్యాలెట్ నుంచి తీసేయమంది, 2024 మార్చి 4న పై కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది, కానీ దేశస్థాయి పదవికి పోటీ చేసేవాళ్ళని ఆ కారణంతో ఆపే అధికారం రాష్ట్రాలకు లేదని మాత్రమే చెప్పింది. అది తిరుగుబాటా కాదా అన్న జోలికే పోలేదు.

నా రేటింగ్ ఐదుకి మూడు, ఆ రెండు గళ్ళ పేజీ లేకపోతే రెండే ఇచ్చేవాణ్ణి. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి, కొన్ని షాపుల్లో అదే అట్ట వేసి పాత ఐపీసీ మెటీరియల్ అంటగడుతున్నారు. ఇంట్లో ఇప్పటికే పాతది ఉంటే మాత్రం పారేయకండి, 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ ఐపీసీనే.