డిసెబిలిటీ పెన్షన్ తిరస్కరిస్తే: సాయుధ దళాల ట్రైబ్యునల్‌పై ఒక సమీక్ష

మాజీ సైనికుల పెన్షన్ కాగితాలు చూసిపెట్టే పనిలో ఉన్నందువల్ల, డిసెబిలిటీ పెన్షన్ (సర్వీసు వల్ల వచ్చిన లేదా ముదిరిన వైకల్యానికి ఇచ్చే పెన్షన్) తిరస్కరణకు గురైనవారు తరచుగా మా దగ్గరకు వచ్చి ఇక కోర్టుకు వెళ్లి లాభముందా అని అడుగుతుంటారు. ఆ కోర్టు సాయుధ దళాల ట్రైబ్యునల్. 2007 నాటి చట్టం ప్రకారం ఏర్పడి 2009 ఆగస్టులో పని ప్రారంభించిన ఈ సంస్థలో ప్రతి బెంచిలోనూ న్యాయవ్యవస్థ నుంచి వచ్చిన సభ్యుడు ఒకరు, సైన్యంలో ఉన్నత హోదాలో పనిచేసి రిటైరైన సభ్యుడు ఒకరు కూర్చుంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను: డిసెబిలిటీ పెన్షన్ విషయంలో ఇది ఆశ్రయించదగిన చోటే, కానీ కేసు గెలిచేది అక్కడి వాదనలకన్నా ఎక్కువగా మనం ఇంటి దగ్గర నుంచి పట్టుకెళ్లే మెడికల్ బోర్డు (సైనికుడిని పరీక్షించి వైకల్యం ఎంతో తేల్చే సైనిక వైద్యుల బృందం) కాగితాల మీద.

ఆ కాగితాలను చాలామంది పూర్తిగా చదవరు. ఈ మధ్య ఒక మాజీ నాయక్ తెచ్చిన బోర్డు నకలులో జబ్బు పేరు రక్తపోటు అనీ, వైకల్యం 30 శాతం, జీవితాంతం అనీ ఉంది. సర్వీసులో చేరకముందే ఈ జబ్బు ఉందా అన్న గడిలో లేదని రాశారు. సర్వీసు వల్ల వచ్చిందా అంటే కాదు, సర్వీసు వల్ల ముదిరిందా అంటే కాదు. కారణం రాయవలసిన చోట, శాంతి ప్రాంతంలో (అంటే సరిహద్దు, యుద్ధ క్షేత్రం కాని చోట) పనిచేస్తుండగా బయటపడింది అన్న ఒక్క వాక్యం తప్ప మరేమీ లేదు. చేరేటప్పుడు లేని జబ్బు, సర్వీసు వల్ల రాని జబ్బు, మరి ఎక్కడి నుంచి వచ్చినట్టు అన్న ప్రశ్నకు ఆ కాగితంలో జవాబు లేదు. ట్రైబ్యునల్ ముందు సైనికుడికి బలమయ్యేది సరిగ్గా ఈ ఖాళీయే.

దానికి ఆధారం 2013 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ధరమ్‌వీర్ సింగ్ తీర్పు. 1985లో సిగ్నల్స్ విభాగంలో సిపాయిగా చేరిన ఆయనను మూర్ఛవ్యాధి కారణంగా 20 శాతం వైకల్యంతో 1994లో ఇంటికి పంపి, జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదని పెన్షన్ నిరాకరించారు. చేరేనాటి వైద్య పరీక్షలో ఏ లోపమూ నమోదు కానప్పుడు సైనికుడు ఆరోగ్యంగానే చేరాడని భావించాలనీ, సంబంధం లేదని నిరూపించవలసిన బాధ్యత ప్రభుత్వానిదేననీ, సందేహం మిగిలితే దాని ప్రయోజనం సైనికుడికే దక్కాలనీ కోర్టు స్పష్టం చేసింది. అందుకే బోర్డు కాగితాలు చేతిలో లేనివారు ముందుగా సమాచార హక్కు చట్టం కింద తమ సర్వీసు రికార్డులు ఉండే రికార్డ్స్ ఆఫీసుకు దరఖాస్తు చేసి, సర్వీసు నుంచి పంపేటప్పుడు జరిగిన రిలీజ్ మెడికల్ బోర్డు నకలుతో పాటు భర్తీ సమయంలో జరిగిన వైద్య పరీక్ష నకలు కూడా తెప్పించుకోవాలి. ఆ రెండో కాగితాన్ని అడగాలన్న ఆలోచన చాలామందికి రాదు.

అయితే ప్రతి కేసూ ఇదే దారిలో నడుస్తుందనుకోవడం పొరపాటు. సెలవులో ఇంటికొచ్చి స్వంత పనిమీద తిరుగుతుండగా జరిగిన ప్రమాదాన్ని సర్వీసుకు ముడిపెట్టలేమని 2011లో జుఝార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధుల కేసులలో, 2019 నాటి నర్సింగ్ యాదవ్ తీర్పు లాగా, సైనికుడికి ప్రతికూలంగా వచ్చినవీ ఉన్నాయి. పైగా 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హతా నిబంధనలు అమలులోకి వచ్చాయి కనుక, ఆ తర్వాత రిటైరైనవారు పాత తీర్పులను యథాతథంగా తమకు అన్వయించుకోకూడదు. ఈ తేడాలు చెప్పకుండా గెలుపు ఖాయమని ఫీజు పుచ్చుకునే వకీలు దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

ట్రైబ్యునల్‌కు నేరుగా వెళ్లడం కుదరదు. శాఖాపరంగా మొదటి అప్పీలు, అది కూడా తిరస్కరిస్తే రెండో అప్పీలు చేసుకోవాలి, వాటికి ఆరు నెలలు గడిచినా జవాబు రాకపోతే మార్గాలన్నీ అయిపోయినట్టే చట్టం పరిగణిస్తుంది. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలలోపు దరఖాస్తు వేయాలి, తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నిస్తారు. పెన్షన్ నెలనెలా రావలసిన సొమ్ము కావడం వల్ల పదిహేనేళ్ల తర్వాత వచ్చినవారిని కూడా తలుపు దగ్గరే ఆపెయ్యరు, కానీ 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం బకాయిలు సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితమవుతాయి. అంటే ఆలస్యం చేసిన ప్రతి ఏడాదీ ఒక ఏడాది డబ్బు పోయినట్టే.

డబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే 30 శాతానికి పెద్దగా ఏమొస్తుందిలే అని వదిలేసినవారిని చూశాను. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం చొప్పున లెక్కగట్టి, ఆ నిష్పత్తిలో తగ్గించి ఇస్తారు. చివరి జీతం 50,000 రూపాయలనుకుంటే 30 శాతం వైకల్యానికి నెలకు 4,500. కానీ 50 కన్నా తక్కువ ఉన్న వైకల్యాన్ని 50 శాతంగా సవరించే రౌండింగ్ సౌకర్యాన్ని, పూర్తికాలం పనిచేసి రిటైరైనవారికి కూడా వర్తింపజేస్తూ 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానితో అదే మొత్తం 7,500 అవుతుంది, దాని మీద కరువు భత్యం అదనం. దరఖాస్తులో ఈ రౌండింగ్‌ను విడిగా, స్పష్టంగా కోరాలి.

ఇక లోపాలు. రెండు తెలుగు రాష్ట్రాలకూ స్వంత శాశ్వత బెంచి లేకపోవడం మొదటిది, శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చే ఎనభై ఏళ్ల హవల్దారుకు చెన్నై చిన్న దూరం కాదు. అంతకన్నా పెద్ద లోపం తీర్పు వచ్చాక బయటపడుతుంది. ఆదేశంలో పెట్టిన గడువులోపు డబ్బు జమ కాకపోతే తీర్పును అమలు చేయించమని మళ్లీ ఎగ్జిక్యూషన్ అప్లికేషన్ వేయాలి, ఇతర కోర్టుల మాదిరిగా ధిక్కరణ కింద అధికారిని పిలిపించే అధికారం ఈ ట్రైబ్యునల్‌కు చట్టంలో పూర్తిగా ఇవ్వలేదు. గెలిచిన కేసుకు రెండోసారి వకీలు ఫీజు కట్టవలసి రావడం న్యాయం అనిపించుకోదు.

ఓడిపోయినవారికి సుప్రీంకోర్టు అప్పీలు ఉన్నా, ప్రజలందరికీ సంబంధించిన ముఖ్యమైన న్యాయప్రశ్న ఉంటేనే దానికి అనుమతి దొరుకుతుంది. హైకోర్టు తలుపు 2015లో వచ్చిన ఒక తీర్పుతో దాదాపు మూసుకుపోగా, 2023 మార్చిలో పరషోత్తం దాస్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని మళ్లీ తెరిచింది. సైనికుడు చనిపోయి ఉంటే అతని భార్య లేదా వారసులు కూడా ట్రైబ్యునల్‌లో కేసు వేయవచ్చు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వారు మాత్రం ఈ ట్రైబ్యునల్ పరిధిలోకి రారు కాబట్టి వారు మొదటి నుంచీ హైకోర్టునే ఆశ్రయించాలి.