ఆ బేస్ గిటార్ రీల్‌లో ఉన్నది నేనే, వినపడేది మాత్రం నేను వాయించింది కాదు

ఈ మధ్య హైదరాబాద్‌లో చాలామంది ఫోన్లలో ఒక రీల్ తిరుగుతోంది. పచ్చ కుర్తా వేసుకున్న ఒకావిడ బేస్ గిటార్ మీద మ్యూజ్ బ్యాండ్ వాళ్ల 'హిస్టీరియా' పాటను ఉతికి ఆరేస్తుంటుంది. కింద "90 రోజుల క్రితం ఈమెకు గిటార్ పట్టుకోవడం కూడా రాదు" అని రాసి ఉంటుంది. ఆ ఒకావిడ నేనే. 90 రోజుల క్రితం రాదన్నది నిజం. ఆ పాట ఇప్పటికీ రాదన్నది కూడా నిజం. అది నేను చేరిన మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ప్రకటన. దాన్ని చూసి అక్కడ డబ్బు కట్టబోతున్నవాళ్లు ఓ పది నిమిషాలు ఆగి ఇది చదవండి.

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు, కంప్లయింట్ నడుస్తోంది. అయినా పేరు మార్చి పక్క సందులో ఇంకో బోర్డు పెట్టడం వీళ్లకు పెద్ద పనేం కాదు. వాళ్ల పద్ధతి తెలుసుకుంటేనే మీకు ఉపయోగం.

నాకు బేస్ పిచ్చి ఎప్పటినుంచో ఉంది. ఇళయరాజా పాట వస్తే ఇంట్లో అందరూ పల్లవి పాడుతుంటే నేను అడుగున నడిచే బేస్ పాడేదాన్ని. "ఆ డుం డుం ఏంటే" అని అమ్మ విసుక్కునేది. 32 ఏళ్లొచ్చి, జీతంలో కాస్త మిగలడం మొదలయ్యాక, ఆ ప్రకటన కనబడింది: 90 రోజుల్లో 10 కష్టమైన పాటలు. లిస్టులో పేరుమోసిన బేసిస్టు జాకో పాస్టోరియస్ 'టీన్ టౌన్' కూడా ఉంది. అది వెదర్ రిపోర్ట్ బ్యాండ్ 1977లో తెచ్చిన పాట. ఏళ్లతరబడి వాయిస్తున్నవాళ్లు కూడా దాన్ని సగం స్పీడులో పెట్టుకుని ముక్కముక్కగా నేర్చుకుంటారని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకది ఒక పేరు, అంతే.

అమీర్‌పేట మెట్రో దిగి వెళ్లాను. కౌన్సిలర్ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. కోర్సు 28,000, "ఇంపోర్టెడ్" బేస్ 14,500, మొత్తం 42,500. "ఈరోజే జాయిన్ అయితేనే ఈ రేటు మేడమ్. నెలకు 4,250 చొప్పున పది నెలలు, నో కాస్ట్" అంది. ఫోన్‌లో ఏదో యాప్ ఎక్కించి, సెల్ఫీ తీసి, ఓటీపీ అడిగింది. చెప్పేశాను. ఫీజే వాయిదాల్లో కడుతున్నా అనుకున్నాను. కాదండీ, అది నా పేరు మీద అప్పు. వాళ్లకు డబ్బంతా మొదట్లోనే ముట్టింది. నేను క్లాసు మానేసినా, వాళ్లు షట్టర్ దించేసినా ఈఎంఐ ఆగదు, ఆపితే దెబ్బ పడేది నా సిబిల్ స్కోరు మీద. ఓటీపీ చెప్పేముందు ఆ మెసేజ్‌లో "లోన్" అన్న మాట ఉందేమో ఒక్కసారి చూసుకోండి.

ఇక బేస్ సంగతి. మొదటి వారం వేళ్లు బొబ్బలెక్కాయి, అది అందరికీ మామూలే. రెండో నెలకు ఎడమచేతి మణికట్టు నుంచి మోచేతి దాకా లాగడం మొదలైంది. సార్‌కి చెబితే, "మీ చెయ్యి చిన్నది మేడమ్, ప్రాక్టీస్ పెంచండి" అన్నారు. నమ్మాను. ఆ రాత్రి మా ఆయన అరచేతికి నా అరచేయి ఆనించి కొలుచుకున్నాను కూడా. నా వేళ్లు అర అంగుళం పొట్టి. దానికి నేను బాధపడిన రోజులు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

సికింద్రాబాద్‌లో ఒక చర్చి బ్యాండ్‌లో పాతికేళ్లుగా బేస్ వాయిస్తున్న అన్న ఒకాయన ఉన్నారు. ఫ్రెండ్ తీసుకెళ్లింది. ఆయన నా చెయ్యి చూడలేదు. బేస్ తీసుకుని, తుపాకీ గురి చూసినట్టు ఒక కన్ను మూసి, హెడ్ వైపు నుంచి నెక్ (తీగల కింద ఉండే పొడవాటి కర్ర) పొడవునా చూశారు. "అమ్మా, ఇది విల్లు" అన్నారు. నెక్ మీద అడ్డంగా వరసగా ఉండే సన్నటి లోహపు కడ్డీలను ఫ్రెట్‌లంటారు. స్టీలు స్కేలు తెచ్చి పన్నెండో ఫ్రెట్ దగ్గర పెట్టారు. తీగకూ ఫ్రెట్‌కూ మధ్య 2, మహా అయితే 2.5 మిల్లీమీటర్లు ఉంటే చేతికి హాయి. నాదాంట్లో 4 దాటింది. నెక్ లోపల ట్రస్ రాడ్ అని ఇనుప కడ్డీ ఉంటుంది, అలెన్ కీతో దాన్ని తిప్పి వంపు సరిచేస్తారు. అన్న కీ పెట్టి తిప్పారు. అది పట్టకుండా ఊరికే గిర్రున తిరిగింది. నట్టు అరిగిపోయింది. నాకంటే ముందు ఎవరో ఆ వంపు తీయాలని చూసి, కుదరక అమ్మేసుకున్నారన్నమాట. "ఇంపోర్టెడ్" అంటే ఇదా అని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

కాబట్టి కొత్తదైనా పాతదైనా డబ్బు ఇచ్చేముందు ఇవి చూడండి. లావు తీగను ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్‌ల దగ్గర సన్నటి సందు ఉండాలి, కాగితం దూరేంత. వేలు దూరేలా ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు పెట్టి మీటితే వచ్చే హార్మోనిక్, అక్కడే నొక్కి వాయిస్తే వచ్చే స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకటే చూపించాలి. నాలుగు తీగల మీదా ఒక్కో ఫ్రెట్ వాయించి గరగర ఎక్కడొస్తుందో వినండి. అలెన్ కీ పట్టుకుని అడగండి, "ఒక్క పావు తిప్పు తిప్పి చూపించండి" అని. అమ్మేవాడి మొహం మారితే మీ పని అయిపోయినట్టే.

చెయ్యి చిన్నదన్న మాటకూ అన్న దగ్గర జవాబు దొరికింది. మామూలు గిటార్‌లో మొదటి ఫ్రెట్ గడి వెడల్పు 36 మిల్లీమీటర్లు ఉంటే, మోగే తీగ పొడవు 34 అంగుళాలున్న బేస్‌లో అది 48. గిటార్‌లో లాగా ఫ్రెట్‌కో వేలు పెట్టి కింది ఫ్రెట్‌లలో సాగదీస్తే ఎవరి చెయ్యయినా లాగుతుంది. అందుకే అక్కడ చూపుడువేలు, మధ్యవేలు, ఆ తర్వాత ఉంగరం వేలూ చిటికెన వేలూ కలిపి ఒకటిగా పెట్టి, మూడు ఫ్రెట్‌లే కప్పుతూ చేతిని జరుపుతారు. డబుల్ బేస్ వాళ్ల నుంచి వచ్చిన పాత పద్ధతి. మా సార్‌కి ఇది తెలియదు, ఎందుకంటే ఆయన గిటార్ సార్. బేస్ అంటే రెండు తీగలు తక్కువున్న గిటార్ అని ఆయన లెక్క. చేరేముందు "సార్, మీరు బేస్ వాయించిన లైవ్ ప్రోగ్రామ్ ఒకటి చూపిస్తారా" అని నేను అడగలేదు. మీరు అడగండి.

క్లాసులంటారా, నెట్‌లో ఊరికే దొరికే ట్యాబ్‌ల (ఏ తీగను ఏ ఫ్రెట్ దగ్గర నొక్కాలో అంకెల్లో రాసినవి) ప్రింట్లు ఇచ్చి, పాటను 75 శాతం స్పీడులో పెట్టి వెంట వాయించమనేవారు. అంతే.

'హిస్టీరియా' 2003 నాటి పాట. నిమిషానికి దాదాపు 94 బీట్లు, బీటుకు నాలుగు స్వరాలు, ఆగకుండా. లెక్కేస్తే సెకనుకు ఆరు పైచిలుకు. 75 శాతంలో కూడా నాకు సగం స్వరాలు మింగుడుపడేవి కాదు. 88వ రోజున "ఫైనల్ వీడియో" అన్నారు. నాకింకా రాదన్నాను. "మీరు వాయించండి మేడమ్, సౌండ్ మేం అడ్జస్ట్ చేస్తాం" అన్నారు. 75 శాతంలోనే నాలుగుసార్లు తీశారు. సౌండ్ అడ్జస్ట్ అంటే గరగరలు తీసేస్తారేమో అనుకున్నాను.

రీల్ వచ్చాక మొదటిసారి చూసి నిజంగా మురిసిపోయాను. మా చెల్లికి పంపాను. అదే ఫోన్ చేసి, "అక్కా, నువ్వు మధ్యలో జుట్టు సవరించుకున్నావు, బేస్ ఆగలేదేంటే?" అంది. మళ్లీ చూశాను. 31వ సెకను దగ్గర కుడిచేయి తీగల మీద నుంచి లేచి, మొహం మీద పడ్డ జుట్టు చెవి వెనక్కి పెట్టి, మళ్లీ వచ్చింది. ఆ రెండు సెకన్లూ బేస్ జోరుగా మోగుతూనే ఉంది. నా వెనక గోడకు గడియారం ఉంది. వీడియో 45 సెకన్లు. అందులో సెకన్ల ముల్లు సరిగ్గా ఒక చుట్టు తిరిగింది. అంటే నన్ను స్పీడు పెంచి, కింద అసలు పాటే పెట్టేశారు. తర్వాత వాళ్ల పేజీలో మిగతా "స్టూడెంట్ల" రీల్స్ కూడా తిరగేశాను. అదే గది, అదే గడియారం, అదే హడావుడి ముల్లు. నేను కూడా ఇలాంటి ఒకటి చూసే కదా చేరింది.

అడగడానికి వెళితే అడ్మిషన్ ఫారం మూడో పేజీ చూపించారు. నా వీడియోలు ప్రచారానికి వాడుకోవచ్చని సంతకం పెట్టానట. పెట్టాను, నిజమే. నా వీడియో వాడుకోమన్నాను గానీ, నేను వాయించనిది నేను వాయించినట్టు చూపించమనలేదు. గొడవ చేస్తే "బేస్ వెనక్కి ఇచ్చేయండి, 6,000 ఇస్తాం" అన్నారు.

1915కి ఫోన్ చేశాను, అది జాతీయ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు. అక్కడ తేలకపోవడంతో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లోనే కేసు వేశాను. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోగా వేయాలి. 2019 చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఫారం, రసీదు, చాటింగులు, రీల్ స్క్రీన్ రికార్డింగ్ అన్నీ దాచుకున్నాను. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చదివినవాళ్లు మీరూ దాచుకోండి, పేజీలో పోస్టులు మాయం కావడం మొదలైంది.

ప్రస్తుతం ఆదివారం ఆదివారం అన్న దగ్గరికి వెళ్తున్నాను. క్లాసుకు 500, వెళ్లినరోజే ఇవ్వడం. మొదటి నెల కష్టమైన పాట ఊసే ఎత్తనివ్వలేదు. టిక్ టిక్ అని తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 బీట్లలో పెట్టి, రెండు వేళ్లూ మార్చి మార్చి, వాయించని తీగ మోగకుండా అదిమి పట్టడం ఒక్కటే. రెండు వేళ్లు కుదరడం లేదని నేను గునిస్తే, అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేత్తో ఒక్క చూపుడువేలే వాడేవాడని చెప్పి నోరు మూయించారు. 'హిస్టీరియా' మొదటి నాలుగు బార్లు (తాళం ఆవర్తాలు) మొన్న 58లో తప్పు లేకుండా వచ్చాయి. అన్న బేస్ మీద లెండి, నాది విల్లే.

రీల్ ఇంకా తీయలేదు. మొన్న లిఫ్టులో ఆఫీసు కుర్రాడొకడు, "మేడమ్, ఇది మీరే కదా, ఎక్కడ నేర్చుకున్నారు?" అని ఫోన్ చూపించాడు. 31వ సెకను దగ్గర ఆపి చూడమన్నాను.