లెచ్‌వర్త్: రిసార్టు లేని రిసార్ట్ ఫీజు, నాన్న చూసిన వంతెన

నయాగరా చూపించి అమ్మానాన్నల్ని న్యూజెర్సీ తీసుకొస్తూ న్యూయార్క్ రాష్ట్రంలోని లెచ్‌వర్త్ స్టేట్ పార్కు కోసం ఒక రోజు ఆగాం. ముందు ఆ మోటెల్ సంగతి చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు.

ఆన్‌లైన్‌లో 119 డాలర్లు కట్టేశాను. రాత్రి పదింటికి చేరితే కౌంటర్లో ఆయన తలెత్తకుండానే ఇంకో 25 అడిగాడు. రిసార్ట్ ఫీజట! రిసార్ట్ ఎక్కడండీ అంటే గోడకి అంటించిన కాగితం చూపించాడు. గదిలో ఏసీ కింద ఎవరో పరిచిన తువ్వాలు తడిసి ముద్దై ఉంది. పొద్దున ఉచిత టిఫిన్ పేరుతో తలుపుకి సంచి తగిలించారు. నలుగురు మనుషులకి రెండు మఫిన్లు. "ఒక్క రాత్రికేగా, పోనీలేరా" అంటూనే అమ్మ తెల్లార్లూ మేలుకునే ఉంది. అటు వెళ్లేవాళ్లు మొత్తం ఎంతవుతుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

పార్కులో మాత్రం కారుకి 10 డాలర్లే, లోపల ఎందరున్నా సరే. మిడిల్ ఫాల్స్ అనే జలపాతం ఎత్తు 107 అడుగులు, కారు దిగితే కనిపిస్తుంది. లోయర్ ఫాల్స్‌కి 127 మెట్లు దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని అస్సలు దింపకండి. దిగగలిగితే 1930లలో కట్టిన రాతి వంతెన మీద నిలబడండి. జెనెసీ నది అంతా ఒక ఇరుకు సందులోకి దూరి కాళ్ల కిందుగా పోతుంది. నది లోయ వెంట సాగే నడకదారి, గార్జ్ ట్రయిల్, మొత్తం ఏడు మైళ్లు, మేం ఒక మైలు నడిచి వెనక్కొచ్చాం.

రైల్వేలో ట్రాక్ పని చేసి రిటైరైన నాన్న జలపాతాల్ని పట్టించుకుంటే ఒట్టు. అప్పర్ ఫాల్స్ పైనున్న రైలు వంతెన దగ్గర అతుక్కుపోయారు. 1852 నాటి చెక్క వంతెన 1875 మేలో కాలిపోతే, జూలై ఆఖరుకల్లా ఇనుప వంతెన లేచిందని చెప్పాను. "మూణ్ణెల్లు కూడా పట్టలేదా!" అని నోరు తెరిచారు. చివరి రోజుల్లో దాని మీద రైళ్లు పది మైళ్ల వేగం దాటకూడదంటే, "అంటే కాషన్ ఆర్డర్, ఇక్కడ నెమ్మదిగా నడపమని డ్రైవరుకిచ్చే ఆదేశం" అని అమ్మకి వివరించారు. ఇప్పుడున్న ఉక్కు ఆర్చి వంతెన మీద 2017లో రైళ్లు మొదలయ్యాయి.

నలభై నిమిషాలు కాశాక గూడ్సు వచ్చింది. అమ్మ పులిహోర డబ్బా అందిస్తే, "ఆగవే, గార్డు పెట్టె రావాలి" అన్నారు. ఆఖరి వ్యాగన్ కూడా వెళ్లిపోయింది, దాని వెనక చిన్న ఎర్ర దీపం మిణుకుమంటోంది.

"గార్డే లేడేంట్రా!" అని కారెక్కేదాకా అంటూనే ఉన్నారు.